ఉడ్‌వర్డ్ రోడ్డుకి ఆ చివర, ఈ చివర

అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళినవాళ్ళు నయాగరా దారి పడతారు, లేదంటే పైన సరస్సుల దగ్గరికి వెళ్తారు. పాంటియాక్ ఊరి తూర్పు అంచున ఆగి ఫొటో దిగేవాళ్ళు ఎవరూ ఉండరు. దిగడానికి అక్కడేమీ లేదు మరి. హైవే పక్కన కిటికీల్లేని పెద్ద అమెజాన్ గిడ్డంగి, దాని చుట్టూ ట్రక్కులు, వాటి చుట్టూ తారు నేల. అంతే.

నేను మాత్రం పనిగట్టుకుని వెళ్ళాను. నోవైలో ఉంటున్న మా మేనల్లుడు కారు నడుపుతూ, "మావయ్యా, గిడ్డంగి చూడ్డానికి ఇంత దూరమా?" అని రెండుసార్లు అడిగాడు. వాడికి నచ్చజెప్పడానికి పాత కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది.

ఈ గిడ్డంగి ఉన్న చోటే సిల్వర్‌డోమ్ ఉండేది. ఎనభై వేలమంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునేది కాదండోయ్. దాన్ని వీళ్ళు సాకర్ అంటారు. ఇది నెత్తిన హెల్మెట్, భుజాలకి దిండ్లు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. కాలికి పని తక్కువ, పేరు మాత్రం ఫుట్‌బాల్! డెట్రాయిట్ జట్టు పేరు లయన్స్. 1975 నుంచి 2001 సీజన్ దాకా ఆ 'డెట్రాయిట్' జట్టు సొంత మైదానం డెట్రాయిట్‌లో లేదు. ఊరికి ముప్ఫై మైళ్ళ అవతల, ఇదిగో, ఇక్కడుండేది.

ఎందుకలా వెళ్ళిపోయింది? అంతకు ముందు లయన్స్ డెట్రాయిట్ నగరంలోనే, టైగర్ స్టేడియంలో ఆడేవారు. అది బేస్‌బాల్ వాళ్ళ మైదానం, వీళ్ళు అద్దెకున్నట్టు లెక్క. పైన కప్పు లేదు. మిషిగన్ చలి సంగతి తెలిసిందే. అసలు కారణం ఇంకోటుంది. 1967లో డెట్రాయిట్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. తెల్లవాళ్ళు నగరం ఖాళీ చేసి శివార్లకి పోవడం అంతకు ముందే మొదలైంది, ఆ తర్వాత వేగం పుంజుకుంది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న జనాభా 2020 నాటికి 6 లక్షల 40 వేల లోపుకి పడిపోయింది. టికెట్లు కొనేవాళ్ళు ఎటు వెళ్ళారో జట్టూ అటే వెళ్ళింది. వ్యాపారం చేసేవాడిగా ఆలోచిస్తే తప్పు పట్టడానికేం లేదు.

పాంటియాక్ కూడా మరీ పల్లెటూరేం కాదు. పాంటియాక్ కార్లు పుట్టింది ఇక్కడే. జనరల్ మోటార్స్ జీతాలతో బతికిన ఊరు. డెట్రాయిట్ పోగొట్టుకుంటున్నది తాము పట్టుకోవచ్చని ఆశపడింది. బాండ్లు అమ్మి, ఐదున్నర కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చు పెట్టి స్టేడియం కట్టించింది. ఆ కాలానికి అదో వింత. పైకప్పు గుడ్డలాంటి ఫైబర్‌గ్లాస్‌ది. దాన్ని నిలబెట్టడానికి స్తంభాల్లేవు, లోపల ఊదే గాలే దాన్ని బెలూన్‌లా పైకెత్తి ఉంచేది. గాలి బయటికి పోకుండా తిరిగే తలుపులు. ఎవరైనా మామూలు తలుపు తీస్తే లోపలి గాలి మనిషిని బయటికి తోసేసేదట.

వైభవం చూసింది, కాదనను. 1982 జనవరిలో సూపర్‌బౌల్ ఇక్కడ జరిగింది. చలి రాష్ట్రంలో ఆ ఫైనల్ జరగడం అదే మొదటిసారి. అప్పటి ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కాన్వాయ్ కోసం పోలీసులు రోడ్లు ఆపేస్తే, ఆడాల్సిన శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు బస్సే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. పక్కన రైలు లేదు, నడిచి వెళ్ళే దారి లేదు. శివారు స్టేడియం అంటే ఏమిటో ఆ ఒక్క మధ్యాహ్నం చూస్తే తెలిసిపోతుంది. 1987లో పోప్ జాన్ పాల్ వచ్చి ప్రార్థన జరిపారు. 1994లో సాకర్ ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగాయి. ప్రపంచకప్‌లో కప్పు కింద ఆడిన తొలి మ్యాచ్ ఇక్కడిదే. ఎండ తగలని చోట గడ్డి ఎలా అంటే, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆరు మూలల పళ్ళేల్లో బయట గడ్డి పెంచి, లోపలికి తెచ్చి పక్కపక్కనే పేర్చారు. మన అమ్మమ్మలు పెరట్లో నారు పోసి మడిలో నాటినట్టు.

తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పిస్టన్స్ బాస్కెట్‌బాల్ జట్టు కూడా పదేళ్ళు ఇక్కడే ఆడింది. 1985 మార్చిలో మంచు బరువుకి కప్పు చిరిగిపోతే వాళ్ళు ఆ సీజన్ మిగతా ఆటలు డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లోని అరీనాలో ఆడుకున్నారు. 1988లో పక్కనే ఆబర్న్ హిల్స్‌లో సొంత అరీనా కట్టుకున్నారు. లయన్స్ 2002లో తిరిగి డెట్రాయిట్ చేరారు. అక్కణ్ణుంచి సిల్వర్‌డోమ్ ఖాళీ. ఖాళీ ఇంటికి కూడా కాపలా కావాలి, కరెంటు కావాలి. ఊరి ఖజానా చూస్తే అంతకంటే ఖాళీ. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసింది, పాంటియాక్ అనే కారు పేరునే ఎత్తేసింది. ఊరి లెక్కలు చూడటానికి రాష్ట్రం నుంచి మేనేజర్ దిగాడు. అదే ఏడాది నవంబర్‌లో స్టేడియాన్ని వేలం వేశారు. చుట్టూ 127 ఎకరాల నేలతో కలిపి ఎంతకి పోయిందో తెలుసా? 5 లక్షల 83 వేల డాలర్లకి. అప్పటి మన రూపాయల్లో మూడు కోట్లు కూడా కాదు.

కొన్నవాళ్ళు కొన్నాళ్ళు నడిపారు. 2013లో కప్పు చింకిపాతలా వేలాడింది. 2017 డిసెంబర్ 3న కూల్చేద్దామని మందు పెట్టి పేల్చారు. జనం చూడ్డానికొచ్చారు. ఢాం ఢాం అని చప్పుళ్ళొచ్చాయి, పొగ లేచింది, పొగ తగ్గాక చూస్తే స్టేడియం ఎక్కడిదక్కడే నిలబడి ఉంది! మర్నాడు మళ్ళీ పేలిస్తే గానీ పై అంతస్తు కింద పడలేదు. ఇది వినగానే మా వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత గట్టిగా కట్టినదాన్ని, కట్టి నలభై ఏళ్ళయినా కాకముందే, ఎందుకూ పనికిరాదన్నారు కదా.

ఎందుకు పనికిరాలేదు అన్నదే నా ప్రశ్న. ఇక్కడ ఓ చిన్న లెక్క చెప్పాలి. క్రికెట్‌లాగా, బేస్‌బాల్‌లాగా ఈ ఆట వారం వారమంతా ఉండదు. ఒక జట్టు సొంత మైదానంలో ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో అసలు మ్యాచ్‌లు ఆడుతుంది. ప్రాక్టీసువి ఒకటో రెండో. కచేరీలూ అవీ కలిపినా, ఏడాదిలో చాలా రోజులు గేట్లకి తాళాలే. మరి ఆ మూసి ఉన్న రోజుల్లో ఆ చోటు ఎలా ఉంటుంది? సిల్వర్‌డోమ్ చుట్టూ ఏముందంటే పార్కింగ్. పాంటియాక్ సొంత డౌన్‌టౌన్ కూడా అక్కడికి దూరమే. హైవే మీదొచ్చిన కారు ఆట చూసి మళ్ళీ హైవే ఎక్కేస్తే ఊళ్ళో కాఫీ కూడా తాగదు. పాంటియాక్ స్టేడియం కట్టుకుంది గానీ, స్టేడియం పాంటియాక్‌లో కలవలేదు.

ఇక్కణ్ణుంచి డెట్రాయిట్‌కి హైవే మీద గంట లోపే. నేను వాణ్ణి ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీదుగా పోనిమ్మన్నాను. పాంటియాక్‌లో బయల్దేరి డెట్రాయిట్ నది దగ్గర ఆగే రోడ్డు ఇది. ఒక్క రోడ్డు మీద ఇన్ని రకాల అమెరికాలు వరసగా కనిపించడం ఇంకెక్కడా చూడలేదు. మొదట బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్, చెట్ల వెనక దాక్కున్న కోటీశ్వరుల ఇళ్ళు. తర్వాత బర్మింగ్‌హామ్, బొమ్మల కొలువులా సర్దిన దుకాణాలు. రాయల్ ఓక్, ఫెర్న్‌డేల్. ఎయిట్ మైల్ రోడ్డు దాటగానే డెట్రాయిట్ హద్దు. అక్కడ గీత గీసినట్టు మారిపోతుంది. మూతబడ్డ దుకాణాలు, ఇళ్ళు పోయి గడ్డి పెరిగిన స్థలాలు. హైలాండ్ పార్క్‌లో 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను మొదలుపెట్టిన ఫ్యాక్టరీ భవనాలు ఇంకా నిలబడి ఉన్నాయి. శివార్లకి మనుషుల్ని తీసుకుపోయిన కారు ఇక్కడ పుట్టి, తను పుట్టిన చోటునే ఖాళీ చేసిందన్నమాట. ఆ తర్వాత మ్యూజియం, యూనివర్సిటీ, మళ్ళీ జనం, మళ్ళీ దీపాలు. అదిగో డౌన్‌టౌన్.

ఫోర్డ్ ఫీల్డ్ దగ్గరికి వచ్చాక మీరు మొదట ఆశ్చర్యపోయేది దాని పొట్టితనానికి. అరవై అయిదు వేలమంది పట్టే స్టేడియం కదా, కొండలా ఉంటుందనుకుంటాం. మైదానాన్ని వీధి మట్టం కంటే బాగా లోతుకి తవ్వారు. అందుకే పక్క భవనాల్ని మింగెయ్యదు. దక్షిణం వైపు గోడ చూస్తే పాత ఇటుకల భవనం. అది నిజంగానే పాతది. హడ్సన్స్ అని డెట్రాయిట్‌లో ఒకప్పుడు పేరుమోసిన పెద్ద బట్టలకొట్టు ఉండేది, దాని గిడ్డంగి. దాన్ని పడగొట్టకుండా స్టేడియంలో కలిపేసుకున్నారు. ఆ పాత గిడ్డంగిలో కూర్చుని డబ్బున్నవాళ్ళు ఆట చూస్తారు. ఉడ్‌వర్డ్‌కి ఆ చివర స్టేడియం పోయి గిడ్డంగి వచ్చింది, ఈ చివర గిడ్డంగే స్టేడియమైంది. నేను కల్పించి చెప్పింది కాదండీ, వెళ్ళి చూసుకోవచ్చు.

ఎదురుగా కొమెరికా పార్క్, అది టైగర్స్ బేస్‌బాల్ మైదానం. కాస్త పైకి నడిస్తే లిటిల్ సీజర్స్ అరీనా. పిస్టన్స్ కూడా 2017లో శివారు వదిలి అక్కడికే వచ్చేశారు, ఆబర్న్ హిల్స్‌లో వాళ్ళ పాత అరీనానీ తర్వాత కూల్చేశారు. ఐస్ హాకీ జట్టుదీ అదే అరీనా. ఊరి నాలుగు పెద్ద జట్లూ ఇప్పుడు నడిచేంత దూరంలో ఆడతాయి.

ఆదివారం ఆట ఉన్న రోజు పొద్దున ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ నడుస్తున్న మార్కెట్ అది. శనివారం కూరగాయలు, పూలు, తేనె అమ్ముతారు. మన రైతుబజారే, కాకపోతే ఇటుక షెడ్లు. ఆట రోజు ఆ చుట్టుపక్కల పార్కింగుల్లో కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, మాంసం కాలుస్తారు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. శివారు స్టేడియం కావాలనేవాళ్ళు ముందు చెప్పే మాట ఇదే, డౌన్‌టౌన్‌లో టెయిల్‌గేటింగ్‌కి చోటెక్కడిదని. ఇక్కడ మార్కెట్టే చోటిచ్చింది. నీలి చొక్కాలేసుకున్న ముసలీ ముతకా, చంటిపిల్లలూ అక్కణ్ణుంచి గుంపులుగా నడుచుకుంటూ స్టేడియానికి వెళ్తారు. ఆట అయ్యాక నాలుగడుగులేస్తే గ్రీక్‌టౌన్, అక్కడ అర్ధరాత్రి దాకా తిండి. ఇంకొంచెం ముందుకెళ్తే పక్కపక్కనే రెండు హాట్‌డాగ్ కొట్లు, లఫాయెట్, అమెరికన్ అని. ఏది బాగుంటుందన్నది ఊళ్ళో ఎప్పటికీ తేలని గొడవ. నాకు రెండూ ఒకేలా అనిపించాయి, ఈ మాట అక్కడ మాత్రం అనకండి.

మా మేనల్లుడి వాదన మా మేనల్లుడిది. దాన్ని తీసిపారెయ్యలేను.

"మావయ్యా, నువ్వు చూడ్డానికొచ్చావు. మేం ఇక్కడ బతుకుతున్నాం. పార్కింగ్‌కి ఎంత తీసుకుంటాడో విన్నావుగా? చలికాలం రాత్రిపూట పిల్లల్నేసుకుని ఎక్కడో కారు పెట్టి, ఇంత దూరం నడవాలా? బస్సుల సంగతి అడక్కు. చూసేవాళ్ళలో ఎక్కువమంది శివార్లలోనే ఉంటున్నప్పుడు ఆట అక్కడుంటే తప్పేంటి?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్... మనవాళ్ళంతా ఉండేది ఈ సబర్బుల్లోనే. గుళ్ళు అక్కడే, ఇండియన్ కొట్లు అక్కడే, ఆఫీసులు చాలావరకు అక్కడే. డెట్రాయిట్ నగరంలోకి ఏళ్ళ తరబడి అడుగుపెట్టని తెలుగు కుటుంబాలున్నాయి. 'డెట్రాయిట్‌లో ఉంటున్నాం' అని చుట్టాలకి చెబుతారు, డౌన్‌టౌన్ వెళ్దామంటే 'అమ్మో' అంటారు. తానా మహాసభలే చూడండి. 2015లో డౌన్‌టౌన్‌లో, నది ఒడ్డున కోబో సెంటర్‌లో జరిగాయి. పదేళ్ళ తర్వాత, 2025లో నోవైలో జరిగాయి. మన స్టేడియం మనమూ శివారుకి తెచ్చుకున్నామన్నమాట! నోవైలో కారు పెట్టుకోవడం తేలిక, నిజమే. కానీ కోబోలో సభ మధ్యలో ఓ అరగంట బయటికొస్తే నది, నది అవతల కెనడా. పట్టుచీరలతో, పంచెలతో మనవాళ్ళు ఆ నది గట్టున తిరుగుతుంటే ఊరివాళ్ళు చూసేవాళ్ళు. నోవైలో మనల్ని మనమే చూసుకున్నాం.

డౌన్‌టౌన్‌లో కట్టేస్తే ఊరు బాగుపడుతుందని నేననడం లేదు. స్టేడియాలకి ప్రభుత్వం పెట్టే డబ్బు తిరిగి రాదని ఆర్థికవేత్తలు దాదాపు అందరూ ఒకే గొంతుతో చెబుతున్న మాట. ఫోర్డ్ ఫీల్డ్‌కి అయిన సుమారు 50 కోట్ల డాలర్లలో ప్రజల డబ్బూ ఉంది. హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద పన్ను వేసి కొంత రాబట్టారు. అంటే నాలాంటి దారినపోయే యాత్రికుడు కూడా చందాదారుడే. స్టేడియం తెరిచిన పదకొండేళ్ళకి, 2013 జూలైలో, డెట్రాయిట్ దివాలా తీసింది. అప్పటిదాకా అమెరికాలో ఏ నగరమూ అంత పెద్ద దివాలా తీయలేదు. జట్టేమైనా వెలిగిపోయిందా అంటే, 2008 సీజన్‌లో పదహారు ఆటలాడి పదహారూ ఓడింది.

ఇంకో సంగతి, డౌన్‌టౌన్ పక్షాన మాట్లాడేవాళ్ళు చప్పున దాటేసేది. ఈ నేల ఖాళీగా పడి ఉన్నది కాదు. నల్లవాళ్ళ దుకాణాలతో, జాజ్ క్లబ్బులతో, హోటళ్ళతో కళకళలాడిన ప్యారడైజ్ వ్యాలీ అనే పేట ఇక్కడుండేది. ఫ్రీవే కోసమనీ, పాతపేటల తొలగింపనీ 1950లు, 60లలో దాన్నీ, పక్కనున్న బ్లాక్ బాటమ్‌నీ తుడిచేశారు. మిగిలిన కొద్దిపాటి చోటులో కొంత ఈ స్టేడియాల కిందికి పోయింది. లిటిల్ సీజర్స్ అరీనా కట్టేటప్పుడు చుట్టూ అయిదు కొత్త పేటలు లేస్తాయని మాటిచ్చారు, నేను నడిచినప్పుడు అక్కడ ఎక్కువగా కనిపించింది పార్కింగే. ముప్ఫై మైళ్ళు నడిపించి పాంటియాక్ పార్కింగ్‌ని ఊరి మధ్యలో తెచ్చి పరిస్తే అది డౌన్‌టౌన్ స్టేడియం ఎలా అవుతుంది?

ఇన్ని తెలిసీ నా ఓటు ఊరి నడిబొడ్డుకే. లాభం కోసం కాదు. కట్టినదానికి ఎప్పుడో ఒకప్పుడు వయసు మీద పడుతుంది, జట్టు వెళ్ళిపోతుంది, యజమాని మారతాడు. అప్పుడు పక్కన నాలుగు వీధులుంటే దాన్ని ఇంకో రకంగా వాడుకోవాలని ఎవరికో ఒకరికి తోస్తుంది. హడ్సన్స్ గిడ్డంగికి అదే జరిగింది. కొట్టు మూతపడ్డా, అసలు కొట్టు భవనాన్ని 1998లో పేల్చేసినా, గిడ్డంగి ఊరి మధ్యలో ఉంది కాబట్టి బతికింది. సిల్వర్‌డోమ్ పక్కన ఎవరూ లేరు. మాకు కావాలి అని అడగడానికి పొరుగు అంటూ లేకపోయింది.

2024 ఏప్రిల్‌లో లీగ్ వాళ్ళు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ కార్యక్రమం డెట్రాయిట్ డౌన్‌టౌన్ వీధుల్లో పెట్టారు. ఆట లేదు, బంతి లేదు. వేదిక మీద పేర్లు చదువుతారు, అంతే. దానికి మూడు రోజుల్లో ఏడు లక్షల డెబ్భై అయిదు వేలమందికి పైగా వచ్చారు. ఊరి జనాభా కంటే ఎక్కువ! అందులో శివార్ల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. మా మేనల్లుడు కూడా పిల్లలతో వెళ్ళాడట. ఈ సంగతి వాడు చెప్పలేదు, మా కోడలు చెప్పింది.

అంతకు మూడు నెలల ముందు, జనవరిలో, లయన్స్ ఫోర్డ్ ఫీల్డ్‌లో ఒక ప్లేఆఫ్ గెలిచారు. ముప్ఫై రెండేళ్ళలో అదే మొదటిది. అంతకు ముందు గెలిచింది ఎక్కడనుకున్నారు? 1992 జనవరిలో, సిల్వర్‌డోమ్‌లో. పాంటియాక్ పేరు ఆ రాత్రి టీవీల్లో మళ్ళీ వినబడింది.

మీరు వెళ్ళేటట్టయితే నవంబర్ నాలుగో గురువారం చూసుకోండి. థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు లయన్స్ సొంత ఊళ్ళో ఆడటం 1934 నుంచీ వస్తున్న ఆనవాయితీ. పొద్దున్నే ఉడ్‌వర్డ్ మీద ఊరేగింపు ఉంటుంది, 1924లో ఆ హడ్సన్స్ కొట్టువాళ్ళే మొదలుపెట్టింది. పెద్ద పెద్ద బెలూన్లు, బ్యాండ్లు, బొమ్మల తలలు తగిలించుకుని నడిచే మనుషులు. సిల్వర్‌డోమ్ రోజుల్లో ఊరేగింపు ఇక్కడా, ఆట ముప్ఫై మైళ్ళ అవతలా. పిల్లల్ని ఊరేగింపు సగంలో లాక్కుని కారెక్కాల్సిందే. ఇప్పుడు చివరి బ్యాండ్ వెళ్ళాక నడుచుకుంటూ పోయినా ఆట మొదలుకు అందుకుంటారు. చలి మాత్రం మామూలుగా ఉండదు, చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి.